పైకి వచ్చేటప్పుడు బీసీడీ నా మాట వినట్లేదు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఈ వేసవి మొదట్లో మా వారితో కలిసి అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో స్కూబా ఓపెన్ వాటర్ కోర్సు చేశాను. దిగడం, కింద తిరగడం బాగానే వచ్చాయి. పైకి రావడమే రావట్లేదు. చివరి డైవ్‌లో 16 మీటర్ల నుంచి బయల్దేరాం. బోర్లా ఉండి కాళ్లకు తొడిగిన ఫిన్స్ కొడుతూ పైకి వస్తూ, నేర్పినట్టే బీసీడీలో (గాలి నింపుతూ వదులుతూ తేలే తీరు సర్దుకునే జాకెట్) గాలి వదిలే బటన్ నొక్కాను. ఏమీ బయటికి రాలేదు. ఇంకోసారి నొక్కాను, అప్పుడూ అంతే. 7 మీటర్ల దగ్గర డైవ్ కంప్యూటర్, వేగం ఎక్కువైందని మోగడం మొదలైంది. భయపడి తల కిందికి తిప్పి గట్టిగా ఫిన్స్ కొట్టాను, అయినా ఆగలేదు. సేఫ్టీ స్టాప్ (పైకి వచ్చేముందు 5 మీటర్ల దగ్గర కాసేపు ఆగడం) లేకుండానే నీటి మీద తేలాను. ఊపిరి మాత్రం బిగబట్టలేదు. ఆ రోజు గానీ తర్వాత గానీ ఒంట్లో ఇబ్బందేమీ రాలేదు. నా బరువు 58 కేజీలు, వెట్‌సూట్ 3 ఎంఎం, నడుముకు 8 కేజీల వెయిట్లు కట్టారు. పైకి వచ్చేటప్పుడు నిలువుగా ఉండమని ఒక ఇన్‌స్ట్రక్టర్, అడ్డంగా ఉండమని ఇంకొకరు చెప్పారు. అడిగితే 'మీరు ప్యానిక్ అయ్యారు' అని తేల్చేశారు. డిసెంబరులో కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరున్న నేత్రాణి దీవికి వెళ్దామనుకుంటున్నాం. మా వారు చెయ్యి పట్టుకుని పైకి తీసుకొస్తానంటున్నారు. ఇది నాకు పడే పనేనా?

సమాధానం: పడుతుంది. మీ ఉత్తరంలో నా కళ్లు ఆగిపోయింది ఆ 8 కేజీల దగ్గర. ప్యానిక్ ఆఖర్లో వచ్చింది. అంతకు చాలా ముందే, పడవ మీద బెల్టు బిగించినప్పుడే మీ పని కష్టమైపోయింది.

58 కేజీల మనిషికి, పల్చటి సూట్‌కి, మన దగ్గర ఎక్కువగా ఇచ్చే అల్యూమినియం సిలిండర్‌కి నేనైతే 4, 5 కేజీల దగ్గర మొదలుపెట్టి చూస్తాను. మీకు కట్టినవి అంతకన్నా మూడు కేజీలైనా ఎక్కువ. కొత్తవాళ్లకు ఎందుకిలా కడతారంటే, వెయిట్లు చాలకపోతే వాళ్లు మునగరు. ఒకరు పైన తేలుతూ ఉండిపోతే బృందమంతా తాడు పట్టుకుని ఎదురుచూడాలి. రెండు ముక్కలు అదనంగా తగిలిస్తే ఆ గొడవ ఉండదు. దిగేటప్పుడు సుఖంగానే ఉంటుంది. ఆ సుఖానికి మూల్యం చెల్లించేది పైకి వచ్చేటప్పుడు.

ఎలాగో లెక్క వేద్దాం. మూడు కేజీల అదనపు సీసపు వెయిట్లను నీటిలో మోయాలంటే బీసీడీలో దాదాపు మూడు లీటర్ల గాలి అదనంగా నింపాలి. నీటి మీద కన్నా 16 మీటర్ల దగ్గర పీడనం 2.6 రెట్లు ఉంటుంది, 7 మీటర్ల దగ్గర 1.7 రెట్లు. పీడనం తగ్గేకొద్దీ గాలి ఉబ్బుతుంది, ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్న బాయిల్ సూత్రమే ఇది. ఆ మూడు లీటర్లు 7 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి నాలుగున్నర దాటుతాయి. అంటే కేజీన్నరకు పైగా బలం మిమ్మల్ని పైకి లాగుతోంది. 5 మీటర్ల దగ్గర అవే ఐదు లీటర్లకు పైన. ఇక నీటి మీదికి వచ్చేసరికి దాదాపు ఎనిమిది. ఇది అదనపు గాలి సంగతి మాత్రమే. అసలు ఉండాల్సిన గాలి కూడా ఇదే లెక్కన ఉబ్బుతుంది. లోతులో నలిగి పలచబడిన వెట్‌సూట్ కూడా పైకి వచ్చేకొద్దీ తిరిగి ఉబ్బి తన వంతు పైకి లాగుతుంది. సరిపడా వెయిట్లతో దిగిన మనిషికి ఇదంతా ఊపిరితో సర్దుకునేంత చిన్న తేడా. మీకు ఊపిరికి అందనంత పెద్దదైంది.

ఇంకో విషయం కూడా గమనించండి. 30 మీటర్ల నుంచి 20కి వస్తే గాలి మూడో వంతు మాత్రమే పెరుగుతుంది. 10 మీటర్ల నుంచి నీటి మీదికి వస్తే రెట్టింపవుతుంది. అదే పది మీటర్ల దూరం, ఎంత తేడానో చూడండి. అందుకే చాలామందికి చెయ్యి జారేది మీలాగే 8, 7 మీటర్ల దగ్గర. అక్కడిదాకా బాగానే వచ్చాం కదా అనుకుని ఏమరుపాటుగా ఉండే చోటు కూడా అదే.

ఇప్పుడు బటన్ సంగతి. నొక్కితే గాలి ఎందుకు రాలేదు? తాపీమేస్త్రి గోడ మీద పెట్టే రసమట్టం చూసే ఉంటారు. అందులో బుడగ ఎప్పుడూ ఎత్తుగా ఉన్న వైపుకే పోతుంది. బీసీడీలో గాలి కూడా అంతే. మీరు బోర్లా ఉన్నారు, నడుముకు సీసమంతా ఉంది కాబట్టి కాళ్లు కాస్త దిగి ఉండొచ్చు, కానీ గాలి మాత్రం వీపు మీద పరుచుకుని ఉంది. ఆ బటన్ ఉండే ఇన్‌ఫ్లేటర్ గొట్టమేమో ఎడమ భుజం మీదుగా ఛాతీ పక్కకు వేలాడుతోంది, అంటే గాలి కన్నా కింద. ఎంతసేపు నొక్కినా అక్కడ గాలే లేదు, ఇక రావడానికేముంది! తర్వాత మీరు తల కిందికి తిప్పి ఫిన్స్ కొట్టారు. అప్పుడు గాలంతా నడుము వైపు చేరింది, భుజం నుంచి వదిలే దారి పూర్తిగా మూసుకుపోయింది. భయపడ్డ ప్రతి మనిషికీ మొదట తోచేది అదే, కిందికి ఈదడం. కాళ్ల బలం ఆ గాలి ముందు నిలవదు. ఆయాసం ఒక్కటే మిగులుతుంది.

కాబట్టి నిలువా అడ్డమా అన్న మీ ప్రశ్నకు, ఆ ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లూ తప్పు చెప్పలేదు. ఏది ఎప్పుడన్నది చెప్పకుండా వదిలేశారు. అడ్డంగా ఉంటే మీ ఛాతీ, పొట్ట, తొడలు మొత్తం నీటిని అడ్డుకుంటాయి, పైకి వెళ్లే వేగం దానంతటదే తగ్గుతుంది. పైగా ఫిన్స్ కొట్టినా ముందుకే పోతారు, పైకి పోరు. నిలువుగా ఉంటే నీటికి తగిలేది తల, భుజాలంతే. బాణంలా దూసుకుపోతారు, ఫిన్ కొట్టిన ప్రతిసారీ ఇంకాస్త పైకి. కానీ భుజం దగ్గర్నుంచి గాలి వదలాలంటే ఆ భుజం ఎత్తుగా ఉండాలి. అంటే ఎక్కువ సమయం అడ్డంగా ఉండి, గాలి వదిలే ఆ రెండు మూడు సెకన్లు మాత్రం ఛాతీ పైకి లేపాలి. పూర్తిగా నిటారుగా నిలబడక్కర్లేదు, వాలు కుర్చీలో కూర్చున్నంత చాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు పైకి వచ్చినంతసేపూ ఆ వాలులోనే ఉన్నా నాకు అభ్యంతరం లేదు. నిలువుగా ఉండి ఫిన్స్ కొట్టడమే వద్దు.

అసలు లేవకుండా కూడా వదలొచ్చు. చాలా బీసీడీలకు వెనక కింద, నడుము పక్కన గాలి వదిలే ఇంకో వాల్వ్ (డంప్ వాల్వ్) ఉంటుంది, చిన్న ముడి ఉన్న తాడుతో. అడ్డంగా ఉండి తుంటిని కొద్దిగా పైకెత్తి, కుడి చేత్తో ఆ ముడి లాగితే గాలి అక్కడి నుంచి పోతుంది. తల కిందికైనప్పుడు మీకు పనికొచ్చేది అదొక్కటే. కోర్సులో దాన్ని చూపించి ఉంటారు గానీ, వాడించి ఉండరు. అద్దె బీసీడీల్లో ఆ తాడు ఒక్కోసారి స్ట్రాప్ కింద ఇరుక్కుపోయి ఉంటుంది. పడవ మీదే వేసుకుని, చూడకుండా చేత్తో వెతికి పట్టుకోండి. అలాగే ఇన్‌ఫ్లేటర్ మీద గాలి నింపే బటన్ ఏది, వదిలేది ఏది అన్నది కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమి చెప్పగలగాలి. కంగారులో వదలబోయి నింపేవాళ్లు తక్కువేం కాదు.

ఇక పైకి రావడం ఎలా అంటే, ముందు కింద న్యూట్రల్‌లో, అంటే తేలకుండా మునగకుండా, ఆగండి. ఫిన్స్ కదపకుండా, చేతులు ఆడించకుండా రెండు మూడు ఊపిరులు. కదలకుండా ఉండగలిగితేనే బయల్దేరండి. ఫిన్స్ ఆపగానే మునిగిపోతున్నారంటే ఇంతసేపూ కాళ్లతోనే నిలబడ్డారని అర్థం. తర్వాత మామూలు కన్నా కాస్త లోతుగా గాలి పీల్చండి. వెంటనే ఏమీ జరగదు, రెండు మూడు సెకన్లు ఆలస్యంగా ఒళ్లు లేస్తుంది. ఈ ఆలస్యం తెలియకనే చాలామంది ఏమీ జరగట్లేదని బటన్ దగ్గరికి వెళ్లిపోతారు. లేవడం మొదలవగానే మామూలుగా వదలండి. పీల్చి ఆపేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఊపిరితిత్తుల నిండా గాలి బిగబట్టి మీటరు పైచిలుకు లేచినా అవి దెబ్బతినే ప్రమాదం ఉంది. అంత కంగారులోనూ మీరు ఊపిరి బిగబట్టలేదని రాశారు చూశారా, మీ డైవ్ మొత్తంలో అన్నిటికన్నా విలువైన పని అది. ప్యానిక్ అయ్యారన్నవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఎడమ చేతిలో ఇన్‌ఫ్లేటర్ మొదట్నుంచీ ఉండాలి. అవసరమొచ్చాక వెతుక్కోవడం కాదు. లేవడం మొదలైన మీటరులోపే ఛాతీ పైకెత్తి, గొట్టం కొసను తలకన్నా ఎత్తుకు చాపి, అర సెకను నొక్కి వదిలేయండి. నాలుగైదు బుడగలు పోతాయి. చాలు. మళ్లీ అడ్డంగా. మళ్లీ మీటరు, మీటరున్నరకు ఇంకో చిన్న నొక్కు. గాలి ఉబ్బాక వదలడం కాదు, ఉబ్బుతుందని తెలుసు కాబట్టి ముందే కొద్దికొద్దిగా వదులుతూ రావాలి. ఒకేసారి ఎక్కువ వదిలితే మునుగుతారు, మునుగుతున్నామని మళ్లీ నింపుతారు, అక్కడి నుంచి పైకీ కిందికీ ఊగడం మొదలవుతుంది.

ప్రతి మూడు మీటర్లకూ ఒకసారి ఆగండి. నిజంగా ఆగండి. ఫిన్స్ కదపకుండా రెండు ఊపిరులు ఆ లోతులోనే ఉండి, అప్పుడు కదలండి. 16 నుంచి 13, 13 నుంచి 10, అక్కడి నుంచి 7, 5. ఎక్కడ కావాలంటే అక్కడ ఆగగలిగితే వేగం గురించి మీరు ప్రత్యేకంగా ఆలోచించే పనే ఉండదు. నేను కొత్తవాళ్లతో మిగతా అన్నిటికన్నా ఎక్కువసేపు చేయించేది ఇదే. చేపలు చూడడానికి వచ్చినవాళ్లకు ఇది విసుగ్గా అనిపిస్తుంది, అయినా చేయిస్తాను.

వేగం ఎంతుండాలని మీరు అడగలేదు గానీ, నిమిషానికి 18 మీటర్లని కొందరు, 9 అని కొందరు చెప్పడం మీరు వినే ఉంటారు. బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ 1908లో, లోతు నుంచి అంచెలంచెలుగా ఎలా పైకి రావాలో మొదటి పట్టికలు ప్రచురించాడు. శరీరంలో కరిగిన నైట్రోజన్ బుడగలుగా మారకుండా బయటికి పోవడానికి సమయం ఇవ్వడమే వాటి ఉద్దేశం. నిమిషానికి 60 అడుగులు, అంటే 18 మీటర్లు అన్నది 1950లలో అమెరికా నేవీ పెట్టుకున్నది. ఈదుతూ పైకి రావాల్సిన స్కూబా డైవర్లు ఇంకా వేగం కావాలన్నారు, బరువైన రాగి హెల్మెట్లతో తాడు మీద లాగించుకునే డైవర్లకు అంత వేగం కుదరదన్నారు. మధ్యేమార్గంగా ఆ అంకె కుదిరింది. తర్వాత 1990లలో అదే నేవీ దాన్ని సగానికి, 30 అడుగులకు తగ్గించుకుంది. అందుకని నిమిషానికి 9 మీటర్లు పట్టుకోండి. చాలా కంప్యూటర్లు మోగేది కూడా ఆ చుట్టుపక్కలే. 16 మీటర్ల నుంచి 5 దాకా రావడానికి నిమిషం పైన పడుతుంది. మధ్యలో ఆగుతూ వస్తే రెండు నిమిషాలు. తొందరేం లేదు.

5 మీటర్ల దగ్గర మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్. ఇక్కడే వెయిట్ల అసలు పరీక్ష కూడా చేయొచ్చు. సిలిండర్‌లో గాలి పీడనం 50 బార్‌కి తగ్గినప్పుడు బీసీడీలో గాలంతా వదిలేయండి. మామూలుగా ఊపిరి తీస్తూ ఆ లోతులోనే నిలవగలిగితే మీ వెయిట్లు సరిపోయినట్టు. మునిగిపోతుంటే తర్వాతి డైవ్‌కి ఒక కేజీ తీసేయించండి. పైకి తేలిపోతుంటే ఒక కేజీ కలపండి. డైవ్ చివర్లోనే ఎందుకంటే, నిండు సిలిండర్‌లో ఉండే గాలి బరువే రెండు కేజీలకు పైన. అది వాడేకొద్దీ సిలిండర్ తేలికవుతుంది, అల్యూమినియందైతే చివర్లో తానే తేలడం మొదలుపెడుతుంది. డైవ్ మొదట్లో నిండు సిలిండర్‌తో సరిగ్గా తూగేలా కట్టుకుంటే చివర్లో సేఫ్టీ స్టాప్‌లో నిలవలేరు. ఆ రెండు కేజీలు కలుపుకునే కట్టుకోవాలి. అంటే తక్కువ వెయిట్లు కట్టుకోవడమే గొప్ప అని కూడా అనుకోవద్దు. కొందరు అనుభవం ఉన్నవాళ్లు దాన్ని ప్రతిష్ఠగా తీసుకుని చివరి ఐదు మీటర్లలో తంటాలు పడుతుంటారు.

సేఫ్టీ స్టాప్ అయిపోగానే పని అయిపోయినట్టు పైకి లేచిపోతారు చాలామంది. గాలి అన్నిటికన్నా వేగంగా ఉబ్బేది ఆ ఐదు మీటర్లలోనే. అర నిమిషం తక్కువ కాకుండా, కుదిరితే నిమిషం తీసుకోండి. ఇక్కడ మాత్రం నిలువుగా రండి. ఒక చెయ్యి పైకి చాపి, పైకి చూస్తూ, నెమ్మదిగా చుట్టూ తిరుగుతూ, పడవల చప్పుడు వింటూ. ఫిన్స్ కొట్టకుండా ఊపిరితోనే లేస్తే నిలువుగా ఉన్నా దూసుకుపోరు.

వెయిట్లు ఎన్ని అన్నదే కాదు, ఎక్కడ అన్నది కూడా చూడాలి. మీవన్నీ నడుము బెల్టుకే ఉన్నాయి. అప్పుడు తుంటి దిగుతుంది, కాళ్లు వేలాడతాయి, మీరు ముందుకు ఈదుతున్నామనుకుంటూ నిజానికి ఏటవాలుగా పైకి తోసుకుంటూ ఉంటారు. అలా ఎక్కకుండా ఉండడానికే ఇంకాస్త బరువు మోస్తారు. సిలిండర్‌ను బిగించే పట్టీకి చిన్న జేబులు తగిలించి ఒక కేజీ, రెండు కేజీలు అక్కడ పెట్టమని అడగండి. జేబులు లేకపోతే సిలిండర్‌నే కాస్త పైకి జరిపి బిగించమనండి. తల వెనక్కి వంచితే తగలనంత వరకే. మోకాళ్లు మడిచి ఫిన్స్ పైకెత్తి ఉంచడం అలవాటు చేసుకుంటే సగం సర్దుకుంటుంది.

ఇంత చేసినా ఎప్పుడైనా చెయ్యి జారితే మొదటి పని ఊపిరి వదలడం, వదులుతూనే ఉండడం. రెండోది భుజం ఎత్తి బటన్ నొక్కి పట్టుకోవడం. కుడి భుజం దగ్గర తాడుతో లాగే వాల్వ్ ఉంటే అదీ లాగండి. ఇంకా ఆగకపోతే వెన్ను విల్లులా వంచి, చేతులూ కాళ్లూ బార్లా చాపి, వెల్లకిలా నీటికి అడ్డం పడండి. వేగం తగ్గుతుంది. కిందికి మాత్రం ఈదొద్దు. నీటి మీదికి వచ్చేశాక బీసీడీ నింపుకుని తేలుతూ ఉండండి. తప్పిపోయిన స్టాప్ చేద్దామని మళ్లీ దిగొద్దు. బృందానికి చెప్పి ఆ రోజుకి డైవింగ్ ఆపేయండి. కీళ్ల నొప్పి, తిమ్మిర్లు, తల తిరగడం, మాట తడబడటం, ఎప్పుడూ లేనంత నీరసం లాంటివి ఆ తర్వాత ఒక రోజులోపు కనిపిస్తే ఇంటికెళ్లాక చూసుకుందాం అనుకోకుండా, వెంటనే ఆక్సిజన్ పెట్టించుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మీకు అలాంటివేమీ రాలేదు, ఇప్పటికి ఇన్ని నెలలైంది కాబట్టి ఆ దిగులు పెట్టుకోకండి.

నేత్రాణికి ముందు ఒక పూట పూల్‌లో ఇన్‌స్ట్రక్టర్‌తో గడపండి. మంచినీటిలో సముద్రం కన్నా తక్కువ వెయిట్లు పడతాయి, మీకు దాదాపు రెండు కేజీలు తగ్గించాలి. అక్కడ చూసిన అంకెను సముద్రానికి యథాతథంగా తీసుకెళ్లకండి. పూల్‌లో చేయాల్సింది మూడు పనులే: కదలకుండా నిలవడం, వెనక వాల్వ్ లాగడం, ఛాతీ ఎత్తి చిన్న చిన్న నొక్కులతో గాలి వదలడం. మురుడేశ్వర్‌లో పడవెక్కే ముందే 'నాకు 5 కేజీలతో మొదలుపెట్టి, లంగరు తాడు దగ్గర చూసి, కావాలంటే కలుపుదాం' అని చెప్పండి. మొహమాటపడొద్దు. మునగడానికి ఇంకో నిమిషం పట్టినా ఫర్వాలేదనండి. మొదటి డైవ్‌లో ఆ తాడు పక్కనే పైకి రండి. తాడును పట్టుకుని ఎక్కకుండా, బొటనవేలూ చూపుడువేలూ కలిపి దాని చుట్టూ ఉంగరంలా పెట్టి ఉంచండి. తాడు వేలికి ఎంత వేగంగా జారుతోందో కంప్యూటర్ కన్నా ముందే తెలుస్తుంది. వేళ్లు మూస్తే ఆగిపోతారు. కంటికి ఏ ఆసరా లేని నీలం నీళ్లలో పైకి రావడం తర్వాత చూసుకోవచ్చు.

మీ వారు చెయ్యి పట్టుకోవడం మాత్రం వద్దు. ఆయన మంచి మనసుతోనే అంటున్నారు, కానీ ఆయన తేలే తీరు వేరు, మీది వేరు. ఒకరు లేస్తే రెండోవారినీ లాగుతారు, పైగా ఇద్దరికీ చెరో చెయ్యి పోతుంది. మీ ఎడమ చెయ్యి ఇన్‌ఫ్లేటర్‌కి కావాలి, కుడి చెయ్యి వెనక వాల్వ్‌కి. ఆయన్ని మీకు ఎదురుగా, చాచిన చేతికి అందేంత దూరంలో, మీ కళ్ల ఎత్తులోనే ఉండమనండి. ఆయన కళ్లు మీ కళ్ల కన్నా పైకి వెళ్తే ఆయన గాలి వదలాలి, మీవి పైకి వెళ్తే మీరు. మూడు మీటర్లకోసారి ఆగేటప్పుడు చేత్తో సైగ చేసేది ఆయన కాకుండా మీరై ఉండాలి. ఆగడం మీరు నేర్చుకోవాలి కాబట్టి, ఎక్కడ ఆగాలో కూడా మీరే చెప్పండి.